ఒకే దారంతో అల్లిన పువ్వు: వాపు జబ్బులకి ఆప్టమర్లు

(నరసాపురం దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో సాయంత్రం జరిగిన ప్రసంగం. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం, మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాలకి వినపడుతోందా? ఆఁ, సరే. బాబూ, ఆ ఫ్యాను ఒక్కటి తగ్గించు, నా కాగితాలు ఆగట్లేదు.

నేను ఈ ఊరోడినేనండి, మీలో సగం మంది నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాళ్ళే. ఇప్పుడు హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్తాను, ల్యాబులో డీఎన్ఏ ముక్కలతో పని చేస్తాను. డాక్టర్ని మాత్రం కాదు, ఇది గట్టిగా చెప్తున్నా, నేను చెప్పింది విని ఎవరూ మందులు మార్చకూడదు, ఆపకూడదు. మీ మందుల సంగతి చూడ్డానికి నాతో పాటు ఒక డాక్టరమ్మ గారు వచ్చారు, కీళ్ళవాతం స్పెషలిస్టు, అదిగో ఆ కిటికీ పక్కన కూర్చున్నారు, నా మాటలయ్యాక ఆవిడ మీకు దొరుకుతారు.

మాస్టారు ఫోన్ చేసి ఏదైనా కొత్త సైన్సు సంగతి చెప్పరా అన్నప్పుడు నాకు వెంటనే తట్టింది ఆప్టమర్లే, అంటే మడతపడి మందులా పనిచేసే చిన్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ముక్కలు. వాటితో పని చేస్తాను కాబట్టి అనే కాదండి. ఇదిగో, ఇది చూడండి. (తెల్ల లేసు ముక్క ఎత్తి చూపించారు.) మా అమ్మ అల్లింది. ఈ పక్క దీని గురించి చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం వంటపని అయ్యాక అరుగు మీద కూర్చుని లేసు సూది పట్టుకునే ఆడవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు, ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, మళ్ళీ వచ్చి ముక్కలు లెక్కపెట్టి పట్టుకెళ్తాడు. దీన్ని దగ్గరగా చూడండి. ఈ పువ్వులో ఎన్ని దారాలున్నాయి? ఒక్కటేనండి. ఒక్క దారం. అదే వెనక్కి తిరిగి, తన మీద తనే గొలుసు వేసుకుని, తన కన్నంలోంచి తనే దూరి, చివరికి పువ్వయి కూర్చుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మా అమ్మకి 41 ఏళ్ళప్పుడు మొదలైంది. పొద్దున్న లేచేసరికి గుప్పెట పడేది కాదు. వేళ్ళ మొదళ్ళు, ఇదిగో ఈ కణుపులు, వాచిపోయి ముట్టుకుంటే వేడిగా ఉండేవి. పాలగిన్నె వేళ్ళతో పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి దింపేది. తడిబట్ట పిండలేకపోయేది. పదింటికో పదకొండింటికో మెల్లిగా వేళ్ళు సాగేవి, అక్కణ్ణుంచి మామూలుగా పని చేసుకునేది, అందుకని ఇంట్లోవాళ్ళే పొద్దుటి పని తప్పించుకుంటోంది అనుకున్నారండి. నేనూ అనుకున్నాను, అప్పుడు నాకు పదిహేనేళ్ళు, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది. పెళ్ళినాటి ఉంగరం ఇరుక్కుపోతే కంసాలి గారు కోసి తీశారు. ఒక చోట చూపిస్తే ఎక్స్‌రే కూడా తియ్యకుండా "అరుగుదలమ్మా, వయసు" అన్నారు. 41 ఏళ్ళకి ఏం అరుగుదలండీ? ఆ తర్వాత ఎవరో చెప్తే ఒక నాటు పొడి తెచ్చాం, రెండ్రోజుల్లో నొప్పి ఎగిరిపోయింది, మూడు నెలల్లో మొహం గుండ్రంగా ఉబ్బిపోయి షుగర్ కూడా వచ్చేసింది. ఇంకో డాక్టరు గారు చూసి, ఇది స్టెరాయిడ్ కలిపిన పొడి అని చెప్పారు. అలా రెండేళ్ళు పోయాయి. ఆ రెండేళ్ళలో రెండు వేళ్ళు వంకర తిరిగాయి, మళ్ళీ తిన్నగా అవలేదు.

చివరికి రుమటాయిడ్ ఆర్త్రైటిస్ అని తేలింది, మనం కీళ్ళవాతం అంటామే అందులో ఒక రకం. మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఈ మాట ఈ జిల్లాలో చెప్పకుండా ముందుకెళ్ళకూడదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో మన భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదువుకున్నారు, మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదు, ఇంట్లో అన్నదమ్ములు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయారు. తర్వాత అమెరికా వెళ్ళి లెడర్లే కంపెనీలో పరిశోధన నడిపించారు, అక్కడ ఆయన టీం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, ఆ స్ప్రూకి పనికొచ్చే విటమిన్ అదే. ఆ ఫోలిక్ యాసిడ్‌కి అడ్డంపడే మందులు కూడా అక్కడే తయారుచేశారు, అందులో ఒకటి మెథోట్రెక్సేట్. ముందు పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఈ రకం మందులు వాడారు, ఎన్నో ఏళ్ళ తర్వాత, 1988లో, అమెరికాలో కీళ్ళవాతానికి అనుమతిచ్చారు. మా అమ్మ మందుల డబ్బాలో వారానికి ఒక్కరోజు వేసుకునే మెథోట్రెక్సేట్ ఉంటుంది, వేరే రోజు వేసుకునే ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, రెండూ భీమవరం ఆయన చేతి మీదుగా వచ్చినవేనండి. బోదకాలు రాకుండా ఏఎన్ఎం గారు ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి మింగిస్తారే డీఈసీ మాత్ర, అదీ ఆయన టీందే. అన్నట్టు మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, వారానికి ఒక్కసారి, రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్ళున్నారు, వారం పేరు డబ్బా మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి.

సుబ్బారావు గారి సంగతి ఇంకోటుంది, అది నా టాపిక్‌కే వస్తుంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి ఆయన ఏటీపీ అనే అణువుని కనిపెట్టారు, జర్మనీలో లోమాన్ గారు కూడా అప్పుడే విడిగా కనిపెట్టారు. ఒంట్లో శక్తి ఖర్చుపెట్టే చిల్లర డబ్బులు అని బళ్ళో చెప్తారు దాన్ని. కానీ అదే ఏటీపీ, డీఎన్ఏకి చెల్లెలు లాంటి ఆర్ఎన్ఏ తయారయ్యేటప్పుడు ముడిసరుకు కూడా, ఆర్ఎన్ఏలో ఉండే నాలుగు అక్షరాల్లో ఏ అనే అక్షరం దాన్నుంచే వస్తుంది. నేను ల్యాబులో ఆర్ఎన్ఏ ఆప్టమర్ తయారుచేసిన ప్రతిసారీ ఫ్రీజర్లోంచి ఏటీపీ ట్యూబు బయటికి తీస్తాను, తీసినప్పుడల్లా భీమవరం గుర్తొస్తుంది.

సరే, వాపు అంటే ఏంటో చూద్దాం. ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడుద్ది, వేడెక్కుద్ది, వాస్తుంది, నొప్పెడుతుంది. ఈ నాలుగు గుర్తులూ రెండు వేల ఏళ్ళ కిందట రోమ్‌లో సెల్సస్ అనే ఆయన రాసిపెట్టాడు, ఇప్పటికీ అవే. ఆ వాపు చెడ్డది కాదండి. అక్కడికి రక్తం ఎక్కువ వెళ్ళాలి, తెల్లకణాలు వెళ్ళాలి, క్రిమిని చంపాలి, చెత్త ఎత్తాలి. మన కాలవ నీళ్ళనుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో కట్టినకాడ్నుంచి మన బతుకంతా తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నదాని మీదే కదా. నీరు కావాల్సినప్పుడు లస్కరు తూము ఎత్తుతాడు, చేను తడిశాక దించుతాడు. దించకపోతే? ఆ నీళ్ళే చేను కుళ్ళబెడతాయి. కీళ్ళవాతం, సోరియాసిస్, పేగుల్లో వచ్చే క్రోన్స్ జబ్బు, ఇవన్నీ తూము దించని జబ్బులు. క్రిమి లేదు, ముల్లు లేదు, అయినా ఎత్తు ఎత్తు అని లస్కరుకి చీటీలు వస్తూనే ఉంటాయి.

ఆ చీటీలకి పేర్లున్నాయి. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 6, ఇంటర్‌ల్యూకిన్ 17, ఇలా. ఇవి ప్రొటీన్లు, కణాలు బయటికి వదుల్తాయి, రక్తంలోనూ కీలు మధ్య నీటిలోనూ తేలుతూ వెళ్ళి ఇంకో కణానికి అతుక్కుంటాయి. మెథోట్రెక్సేట్ ఏ ఒక్క చీటీనీ ఎంచి పట్టుకోదు, మొత్తం మీద జోరు తగ్గిస్తుంది. చాలామందికి అది చాలు, చవకైన మంచి మందు. కొందరికి చాలదు.

చాలనివాళ్ళకి 1998 నుంచి కొత్త రకం ఇంజెక్షన్లు వచ్చాయి. ఆ ఏడాది ఎటానర్సెప్ట్, 2002 ఆఖర్లో అడాలిముమాబ్, ఇవి టీఎన్ఎఫ్ చీటీని దారిలోనే పట్టేసుకుంటాయి. మంచం మీదున్నవాళ్ళు లేచి నడిచారండి వీటితో, నేను చూశాను. మన దేశంలో 2014లో జైడస్ వాళ్ళు అడాలిముమాబ్‌కి లోకల్ వెర్షన్ తెచ్చారు, రేటు బాగా తగ్గింది, అయినా లేసు అల్లుకునే ఇంటికి అది ఇప్పటికీ పెద్ద మొత్తమే. ఎందుకంత రేటు అంటే అవి యాంటీబాడీ రకం, అంటే పరాయిదాన్ని పట్టుకోవడానికి మన ఒళ్ళు తయారుచేసుకునేలాంటి పెద్ద పెద్ద ప్రొటీన్లు, చైనీస్ హామ్‌స్టర్ అని ఎలుక లాంటి జంతువు ఉంటుంది, దాని కణాల్ని స్టీలు ట్యాంకుల్లో పెంచి వాటి చేత తయారుచేయించాలి, మన రొయ్యల చెరువులో లాగే ఉష్ణోగ్రత, ఆక్సిజన్, మేత అన్నీ గంటగంటకీ చూసుకోవాలి, ఒక్క సూక్ష్మజీవి పడితే ట్యాంకు మొత్తం పారబొయ్యాలి. ఫ్రిజ్‌లో పెట్టాలి. మన పక్క తుఫానొచ్చి నాలుగు రోజులు కరెంటు పోతే ఆ ఇంజెక్షన్ గతేంటి? ఇంకోటి, కొందరి ఒళ్ళు ఈ మందునే పరాయిదిగా చూసి దాని మీద యాంటీబాడీలు తయారుచేసుద్ది, అప్పుడు మందు పనిచెయ్యడం మానేసుద్ది. లోపల నిద్రపోతున్న టీబీ లేచే ప్రమాదం కూడా ఉంది, అందుకే ముందు టీబీ టెస్టు చేస్తారు. ఒకసారి ఎక్కించాక వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది, వెనక్కి తియ్యలేం.

ఇప్పుడు లేసు దగ్గరికి వద్దాం.

డీఎన్ఏ అంటే మెలితిరిగిన జంట తాడు, బొమ్మ అందరూ చూసే ఉంటారు. ఆ జంటలోంచి ఒక్క పోగే తీసుకున్నామనుకోండి, పొట్టిది, ఇరవై నుంచి వంద అక్షరాలు. దానికి జంట లేదు. మరి ఊరికే ఉండదండి, తనలోనే జంట వెతుక్కుంటుంది. ఈ చివర ఉన్న ఏ అనే అక్షరం ఆ చివర ఉన్న టీ అనే అక్షరాన్ని పట్టుకుంటుంది, ఇక్కడ జీ అక్కడ సీని పట్టుకుంటుంది, మధ్యలో మిగిలింది ఉచ్చులా వంగుతుంది, ఒక మడత మీద ఇంకో మడత పడుతుంది, చివరికి ఒక ఆకారం వస్తుంది. అమ్మ లేసు పువ్వు లాగే. అక్షరాల వరస మారిస్తే పువ్వు మారుతుంది. అలాంటి పువ్వుల్లో ఒకటి టీఎన్ఎఫ్ మీద ఉన్న గుంటలూ మిట్టల్లో సరిగ్గా కూర్చుంటే, ఆ చీటీ ఇక లస్కరు చేతికి అందదు. అంతే ఆప్టమర్ అంటే. ఆ పేరు లాటిన్ మాటా గ్రీకు మాటా కలిపి పెట్టారు, సరిగ్గా అమిరే ముక్క అని అర్థం.

మరి ఏ వరస రాస్తే ఏ పువ్వు వస్తుందో, ఏది అమురుతుందో ఎలా తెలుస్తుంది? తెలియక్కర్లేదు, అదే దీని గొప్ప. 1990లో అమెరికాలో రెండు ల్యాబులు, ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలియకుండా, ఒకే పద్ధతి కనిపెట్టాయి. కొలరాడోలో క్రెయిగ్ టర్క్, లారీ గోల్డ్ ఒక పక్క, బోస్టన్‌లో ఆండ్రూ ఎల్లింగ్టన్, జాక్ షోస్టాక్ ఇంకో పక్క. ఆప్టమర్ అని పేరు పెట్టింది బోస్టన్ వాళ్ళు. కొలరాడో వాళ్ళు పద్ధతికి సెలెక్స్ అని పేరు పెట్టారు.

ఇది మీకు నాకంటే బాగా తెలుసండి, నిజం. మారుటేరులో స్వర్ణ రకం ఎలా తీశారు? ఎంటీయూ 7029, మనందరి నోటికొచ్చిన నంబరే కదా. రెండు రకాలు కలిపారు, వచ్చిన వేల మొక్కల్లో మంచివి ఏరారు, వాటి గింజలు మళ్ళీ చల్లారు, మళ్ళీ ఏరారు, అలా ఎన్నో తరాలు. సెలెక్స్ కూడా అంతే. ఒక చిన్న ట్యూబులో, కంటి చుక్కల మందంత నీటిలో, కోటి కోట్ల రకాల డీఎన్ఏ ముక్కలు వేస్తాం. కోటి కాదు, కోటి కోట్లు, ఒకటి పక్కన 14 సున్నాలు. వరసలన్నీ యాదృచ్ఛికం, మెషిన్ తోచినట్టు రాసినవి. ఆ నీళ్ళని టీఎన్ఎఫ్ అతికించిన పూసల మీంచి పారిస్తాం. అమిరినవి పూసలకి అతుక్కుంటాయి, మిగతావి కొట్టుకుపోతాయి, తూర్పారబట్టినప్పుడు తాలు ఎగిరిపోయినట్టు. అతుక్కున్నవి కాసినే ఉంటాయి. వాటిని వేడిచేసి ఊడదీసి పీసీఆర్‌లో పెడతాం. కోవిడ్‌లో ముక్కులో పుల్ల పెట్టి చేశారే, అదే పీసీఆర్, కొంచెం ఉన్నదాన్ని కోట్ల కాపీలు చేస్తుంది. అదే మనకి నాట్లు వేసి పంట పెంచడం. మళ్ళీ పూసల మీంచి, ఈసారి ఇంకొంచెం గట్టిగా కడుగుతాం. ఒక ఎనిమిది నుంచి పదిహేను పంటలు. మధ్యలో కలుపు కూడా తియ్యాలి, అంటే టీఎన్ఎఫ్ లేని ఉత్త పూసల మీంచి పారించి, వాటికి అతుక్కున్నవాటిని పారబొయ్యాలి, లేకపోతే పూసని ప్రేమించే ముక్కలే మిగుల్తాయి. నా మొదటి సెలెక్స్‌లో నాకదే జరిగింది, నాలుగు నెలలు చేసి, తొమ్మిది రౌండ్లు లాగి, చివరికి ప్లాస్టిక్ పూసకి అద్భుతంగా అతుక్కునే డీఎన్ఏ తీశాను. ఆ రోజు రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "తప్పు పడిన చోటిదాకా విప్పి మళ్ళీ అల్లాలి, ఏం చేస్తాం" అంది.

ఒకసారి మంచి వరస దొరికాక ఇక కణాలతో, జంతువులతో పనిలేదు. ఆ వరస మెషిన్‌కి ఇస్తే, రసాయనాలతో అక్షరం పక్కన అక్షరం పేర్చి తయారుచేస్తుంది, ఈరోజు చేసినా పదేళ్ళ తర్వాత చేసినా అదే సరుకు. ఎండబెట్టి పొడిలా దాచొచ్చు. నీళ్ళలో 95 డిగ్రీలకి వేడిచేసి చల్లార్చినా మళ్ళీ అదే ఆకారంలోకి ముడుచుకుంటుంది, చాలా ప్రొటీన్లకి ఆ ఓపిక లేదు, కోడిగుడ్డు ఉడికాక మళ్ళీ పచ్చిది అవదు కదా. సైజు కూడా చిన్నది, యాంటీబాడీలో పదోవంతు ఉంటుందేమో.

వీటన్నిటికంటే నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. లేసు చివరి కొస పట్టుకు లాగితే ఏమవుద్ది? మొత్తం విడిపోద్ది. ఆప్టమర్ కూడా అంతే. దాని అక్షరాలకి సరిగ్గా జంట కుదిరే ఇంకో పోగు తయారుచేసి ఇంజెక్షన్ ఇస్తే, అది వెళ్ళి దీన్ని పట్టుకుని మడతలన్నీ విప్పేస్తుంది, పువ్వు పోయి ఉత్త జంట తాడవుతుంది, మందు ఆగిపోతుంది. అంటే మందుతో పాటే విరుగుడు కూడా మనం రాసుకోవచ్చు. కీళ్ళవాతం మనిషికి మధ్యలో న్యుమోనియా వచ్చిందనుకోండి, వాపు మందు వెంటనే ఆపాలి, యాంటీబాడీ అయితే అది కరిగేదాకా చూడాలి, ఆప్టమర్ అయితే విరుగుడు ఇచ్చి త్వరగా తూము మళ్ళీ లస్కరు చేతికి అప్పజెప్పొచ్చు. ఇది ఊహ కాదు, రక్తం గడ్డకట్టకుండా చేసే ఒక ఆప్టమర్‌తో మనుషుల్లోనే చేసి చూశారు, విరుగుడు పనిచేసింది.

ఇంత బాగుంటే మరి మా అమ్మ డబ్బాలో ఎందుకు లేదు? ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. 1990 నుంచి ఇప్పటిదాకా అమెరికాలో అనుమతి వచ్చిన ఆప్టమర్ మందులు రెండే. రెండూ కంట్లో పొడిచేవే. మొదటిది పెగాప్టనిబ్, 2004 డిసెంబరులో వచ్చింది, 28 అక్షరాల ఆర్ఎన్ఏ, వయసు మీద పడ్డాక కంటి వెనక పొరలో పిచ్చిగా రక్తనాళాలు పెరిగే జబ్బుకి. రెండేళ్ళు తిరక్కుండానే యాంటీబాడీ మందులు దానికంటే బాగా పనిచేసి దాన్ని పక్కకి నెట్టేశాయి. రెండోది 2023 ఆగస్టులో, అవాసిన్‌కాప్టాడ్ పెగాల్ అని నోరు తిరగని పేరు, ఇది నిజంగా వాపు వ్యవస్థ మీద పనిచేసేదే, కాంప్లిమెంట్ అని రక్తంలో ఒక సైన్యం ఉంటుంది, అందులో సీ5 అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, ముసలితనంలో రెటీనా, అదే ఆ కంటి వెనక పొర, మచ్చలు మచ్చలుగా చచ్చిపోవడాన్ని నెమ్మది చేస్తుంది. పోయిన చూపు తీసుకురాదు, పోయే వేగం తగ్గిస్తుంది. పొడిగా దాచొచ్చు అన్నానని ఇవీ బయట పెట్టొచ్చు అనుకునేరు, మార్కెట్లోకి వచ్చిన ఈ రెండింటికీ ఫ్రిజ్ కావాల్సిందే.

కన్నే ఎందుకంటే అది మూసిన గది. ఇచ్చిన మందు అక్కడే ఉంటుంది. రక్తంలోకి ఇస్తే రెండు శత్రువులు. ఒకటి, రక్తంలో డీఎన్ఏ, ఆర్ఎన్ఏలని కత్తిరించే ఎంజైములుంటాయి, బయటి వైరస్‌ల నుంచి మనల్ని కాపాడ్డానికి, అవి ఆప్టమర్‌ని నిమిషాల్లో ముక్కలు చేసేస్తాయి. రెండు, ముక్కలవకపోయినా చిన్నది కాబట్టి కిడ్నీ జల్లెడలోంచి మూత్రంలోకి జారిపోద్ది. చిన్నగా ఉండటం లాభం అన్నాను చూడండి, అదే ఇక్కడ నష్టం.

మొదటిదానికి అక్షరాల మీద చిన్న రసాయన తాళాలు వేస్తారు, ఫ్లోరినో మిథైల్ గ్రూపో తగిలిస్తే కత్తెర పడదు. జర్మనీలో ఒక కంపెనీ ఇంకో దారి పట్టింది, అద్దంలో ప్రతిబింబంలా తిరగేసిన ఆర్ఎన్ఏ. మన ఎంజైములన్నీ కుడికాలి చెప్పుల్లాంటివి, ఎడమకాలు వస్తే ఎక్కవు, అందుకని ఆ తిరగేసిన ఆర్ఎన్ఏని ముట్టుకోలేవు. సీసీఎల్2 అనే వాపు చీటీని పట్టుకునే అలాంటి మందుని షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ మీద రెండో దశ ట్రయల్ చేశారు, మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొంత తగ్గిన సూచన కనిపించింది. అది ఇంకా మందు అవలేదు.

రెండోదానికి, కిడ్నీలోంచి జారకుండా, పెగ్ అనే పొడుగాటి పాలిమర్ తోకలా తగిలిస్తారు. దాంతోనే పెద్ద దెబ్బ తగిలింది. ఇందాక విరుగుడు చెప్పాను కదా, రక్తం గడ్డకట్టకుండా చేసే ఆ మందు, పెగ్నివాకోజిన్, మూడు వేల మంది పైగా చేరిన ట్రయల్ 2014లో మధ్యలోనే ఆపేశారు, కొంతమందికి ప్రాణాపాయం అయ్యేంత అలర్జీ వచ్చింది. వెతికితే వాళ్ళ రక్తంలో పెగ్ మీద యాంటీబాడీలు ముందునుంచే ఉన్నాయి, క్రీముల్లో, మందుల్లో ఎక్కడో తగిలి తయారైనవి. డీఎన్ఏ పువ్వు తప్పు కాదు, తోక తప్పు. కానీ రోగికి ఆ తేడాతో పనేముంది? నేను మా విద్యార్థులకి సక్సెస్ పేపర్ల కంటే ముందు ఆ ట్రయల్ చదవమని చెప్తాను.

కీళ్ళ సంగతికొస్తే, జపాన్ వాళ్ళు 2011లో ఇంటర్‌ల్యూకిన్ 17ని పట్టుకునే ఆర్ఎన్ఏ ఆప్టమర్‌ని కీళ్ళవాతం తెప్పించిన ఎలుకలకి ఇస్తే జబ్బు తగ్గింది. టీఎన్ఎఫ్ మీద కూడా ల్యాబుల్లో మంచి డీఎన్ఏ ఆప్టమర్లున్నాయి. స్పెయిన్‌లో ఆప్‌టోల్ అని ఇంకోటుంది, పక్షవాతం వచ్చాక మెదడులో లేచే వాపుని ఆపడానికి, చిన్న ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి, ఇచ్చి చూసిన డోసుల్లో ఒకదానితో చావులు, వైకల్యం తగ్గినట్టు కనిపించింది, పెద్ద ట్రయల్‌లో నిలబడాలి. నా మట్టుకు నాకు ముందుగా వచ్చేవి ఇలాంటివే అనిపిస్తుంది, ఒకసారి రెండుసార్లు ఇచ్చి ఆపేసే చోట, లేకపోతే కన్ను, చర్మం, కీలు లాంటి చోట సూటిగా ఇచ్చే మందులు. ఇరవై ఏళ్ళు వాడాల్సిన కీళ్ళవాతానికి ఒళ్ళంతా తిరిగే ఆప్టమర్ రావాలంటే గ్రాముల లెక్కన చవగ్గా తయారుచెయ్యాలి, ఆ తోకకి బదులు ఇంకోటి కావాలి, ఆ పని ఇంకా చాలా ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దావిడ: మాత్ర రాదా బాబూ, ఇంజెక్షనేనా?)

ఇంజెక్షనే పిన్నిగారూ, ఇప్పటికైతే. కడుపులో అన్నంతో పాటు దీన్ని కూడా అరిగించేసుకుంటాం. చర్మం మీద రాసేది, కంట్లో చుక్కలు, వీటి మీద పని జరుగుతోంది.

(ఇంటర్ విద్యార్థి: సార్, ఇది డీఎన్ఏ కదా, మన జీన్స్ మారిపోతాయా? కోవిడ్ వ్యాక్సిన్ ఆర్ఎన్ఏ లాంటిదేనా?)

మంచి ప్రశ్న అమ్మా. వ్యాక్సిన్‌లో ఉన్న ఆర్ఎన్ఏ ఒక ఉత్తరం, కణం లోపలికెళ్ళాలి, కణం దాన్ని చదివి ప్రొటీన్ తయారుచెయ్యాలి. ఆప్టమర్‌ని ఎవరూ చదవరు. అందులో అక్షరాలున్నా అర్థం లేదు, ఆకారమే దాని పని. నేను చెప్పినవి కణం బయటే తేలే చీటీని పట్టుకుంటాయి, అక్కడే ఉంటాయి, తర్వాత ముక్కలై పోతాయి. నీ జీన్స్ జోలికి రావు. అన్నట్టు ఆప్టమర్లు మందులకే కాదు, టెస్టులకి కూడా పనికొస్తాయి, ఫరీదాబాద్‌లో టీహెచ్ఎస్టీఐ అనే సంస్థలో టీబీ గుర్తించడానికి డీఎన్ఏ ఆప్టమర్లు తయారుచేశారు, నువ్వు కెమిస్ట్రీ వదలకపోతే అలాంటి చోటికి వెళ్ళొచ్చు.

(వెనక నుంచి ఒకావిడ: మీ అమ్మగారు ఇప్పుడు లేసు అల్లుతున్నారా?)

అల్లుతుందండి. పెద్ద టేబుల్ క్లాతులు మానేసింది, ఇలాంటి చిన్న పువ్వులే. ఆ వంకర వేళ్ళు పక్కకి పెట్టి సూది మూడో వేలి మీద ఆనించి పట్టుకోవడం తనే నేర్చుకుంది. జబ్బు మొదలైన మూడు నెలల్లో సరైన డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ వేళ్ళు కూడా దక్కేవని నాకు ఇప్పుడు తెలుసు, అప్పటికి ఆ మందు మన దగ్గర ఉంది కూడా, ఎవరో కొత్తది కనిపెట్టక్కర్లేదు.

అందుకే ఇది వినండి. పొద్దున్న లేచాక అరగంట, గంట దాటినా వేళ్ళు బిగుసుకునే ఉంటున్నవాళ్ళు, వేళ్ళ మొదళ్ళు రెండు పక్కల నుంచీ ఇలా నొక్కితే కలుక్కుమనేవాళ్ళు, ఆరు వారాలు దాటినా వాపు తగ్గనివాళ్ళు, డాక్టరమ్మ గారు ఇప్పుడు లోపల పుస్తకాల గదిలో కూర్చుంటారు, వెళ్ళి చెయ్యి చూపించండి. ఇంతకు ముందు వాడిన పొడులు, మాత్రలు ఏమున్నా దాచకుండా చెప్పండి. డాక్టరమ్మ గారి దగ్గరికెళ్ళే చీటీలు మాస్టారి దగ్గర ఉన్నాయి. లేసు సూది పట్టుకోలేక పని మానేసినవాళ్ళని ముందు పంపించండి మాస్టారూ.